ఐదో గడిలో నక్షత్రం

పోయిన వారం మనం శకుంతలను దవాఖాన వ్యాన్ మెట్టు మీద వదిలేసి వచ్చాం. ఒక కాలు పైన, ఒక కాలు కింద. పాపం, వారం రోజులుగా ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది. ఎక్కించేముందు, పత్రిక ఈ వారమే చేతికి తీసుకున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి పోదాం. పాతవాళ్ళు ఈలోపు చాయ్ పెట్టుకోవచ్చు.

వరంగల్‌లోని సిలోయం మిషన్ దవాఖానకు విదేశాల చర్చివాళ్ళు ఒక కంప్యూటర్ పంపారు. ఎనభై ఎనిమిదిలో అది సామాన్యమైన వస్తువు కాదు. ఆపరేషన్లు చేసే గదికి లేని ఏసీ దాని గదికి పెట్టించారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. పై ఊళ్ళ నుంచి వచ్చిన రోగులు ఇది ప్రార్థన గది కాబోలనుకుని గడప దగ్గర దండం పెట్టుకుని పోయేవారు. ఆ గదిలో కూర్చునేది శకుంతల. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే గట్టయ్య కూతురు. లెక్కల్లో ఫస్టు క్లాసు తెచ్చుకున్న పిల్ల. ఆ సంగతి తండ్రి కన్నా తండ్రితో బస్తాలు మోసేవాళ్ళే ఎక్కువ చెప్పుకుంటారు.

ఆమెకంటే ముందు ఆ కుర్చీలో సుందర్ రావు గారు ఉండేవారు. రిటైరయ్యే వయసులో ఒంటివేలితో టైపు చేస్తూ కంప్యూటర్ నేర్చుకున్న పెద్దమనిషి. కుష్టు మందు పంచే వ్యాన్ ఏ రోజు ఏ ఊరికి పోవాలో, ఎన్ని మందు పొట్లాలు పెట్టుకోవాలో ఆ కంప్యూటర్ తనంతట తానే చీటీ కొట్టి ఇచ్చే ఏర్పాటు ఆయన చేసిందే. దానికి ఊరికో వరస రాసిపెట్టాలి. వరసకు ఐదు గడులు. నిమిషం, గంట, తారీఖు, నెల, వారం. ఏదైనా సరే అనుకున్నచోట నక్షత్రం గుర్తు పెడితే చాలు. కేసముద్రం అవతల ఉన్న చింతలగూడేనికి ఆయన రాసిన వరస ఇది:

0 16 * * 1

అంటే ఏ నెలైనా, ఏ తారీఖైనా, సోమవారం (ఒకటంటే అదే) సాయంత్రం నాలుగింటికి (పదహారు గంటలు) చీటీ రావాలి. మంగళవారం పొద్దున డ్రైవర్ రాయమల్లు ఆ చీటీ జేబులో పెట్టుకుని బండి తీయాలి. నాలుగింటికి కరెంటు ఉంటేనే సుమా.

శకుంతల వచ్చిన కొత్తలో ఈ వరస చూసి ఆశ్చర్యపోయింది. దవాఖానవాళ్ళ ఎదుట మింగాల్సిన మందు నెలకొక్కసారి. మిగతా గోళీలు ఇంటికి ఇచ్చేస్తారు. అలాంటప్పుడు వారం వారం బండి ఎందుకు? జూలై చివర్లో ఆమె ఆ వరసను ఇలా మార్చింది:

0 16 9 * *

తొమ్మిదిన చీటీ, పదో తారీఖున బండి. ఐదో గడిలో నక్షత్రం. ఏ వారమైనా సరే. మిగిలిన తిరుగుళ్ళతో ఇదివరకు బండి ముఖమే చూడని రెండు ఊళ్ళకు మందు అందింది. మీటింగులో దవాఖాన పెద్ద డాక్టరమ్మ అందరి ముందూ మెచ్చుకుంది. అంతా బాగానే ఉంది కానీ, చింతలగూడెంలో కొందరు మందుకు రావడం మానేశారు. ఈ మందు మానేస్తే మచ్చ పాకుతుంది, వేళ్ళు వంకర పోతాయి, పోయిన వేళ్ళు మళ్ళీ రావు. శకుంతల పోయి సుందర్ రావు గారిని అడిగింది. మంగళవారమే ఎందుకు పెట్టారు సార్ అని. ఆయన నోటితో చెప్పలేదు. డాక్టరమ్మను బతిమాలి ఈ ఒక్క మంగళవారానికి బండి ఇప్పించి, నాతోని రా, చూద్దువుగాని అన్నారు. అక్కడ మనం ఆగాం.

పోయిన వారం పేజీ చాలక ఒక చిన్న సంగతి వదిలేశాను. అది ఆ పొద్దున ఇంట్లో జరిగింది. శకుంతల తల్లి మొగిలమ్మ పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం గిన్నెను మసిగుడ్డ లేకుండా, వట్టి చేతులతో దించింది.

"చెయ్యి కాలుతదే అమ్మా. గుడ్డ పట్టుకోరాదు?"

"నాకేం గాదు. పొయ్యి కాడ పెరిగిన చేతులు."

"ఇయ్యాల నేను చింతలగూడెం పోతాన. చిన్నమ్మోళ్ళ ఊరే కదా. ఏమన్న చెప్పాల్నా?"

మొగిలమ్మ గరిటె పట్టుకుని అలాగే ఆగింది. "ఆడికి నువ్వెందుకు?"

"దవాఖాన పని."

"మిషిన్ కాడ కూసునేటోళ్ళకు ఊర్లల్ల ఏం పని?"

"ఉన్నదిలే. నువ్వు గూడ రారాదు? ఇదివరకు నెల తప్పకుంట చెల్లె తోని అంగడి చేసొస్తనని పోయేదానివి. ఈ నడుమ పోతనే లేవు."

"రైలు ఎక్కుతె తల తిరుగుతాంది" అని మొగిలమ్మ అటు తిరిగిపోయింది. ఆమె చూపుడువేలి మీద బొబ్బ ఒకటి శకుంతల కంట పడింది. అడుగుదామనుకుంది గానీ వ్యాన్‌కు టైమైంది. నాకు కూడా అప్పుడు అది పెద్ద సంగతి అనిపించలేదు.

ఇక బండి ఎక్కుదాం.

దసరా వెళ్ళిన తర్వాతి మంగళవారం అది. దారి పొడవునా పత్తి చేలు విచ్చుకుని ఉన్నాయి. రాయమల్లు బండి నడుపుతున్నాడు. సుందర్ రావు కిటికీలోంచి చూస్తూ ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నారు. ఆ కూనిరాగమే శకుంతలకు ఒళ్ళు మండించింది.

"నేను చేసిన దాంట్ల తప్పేముంది సార్?" అని అడిగింది ఉండబట్టలేక.

"తప్పని నేనన్ననా అమ్మా?"

"మీరనలే. మీ మొఖం అంటాంది. నెలకొక్క మందుకు నెల పొడుగూత డీజిల్ పోసుడు నాకు నచ్చలే. ఆ రెండూర్లోళ్ళు మనుషులు గారా?"

"మనుషులే. నేను పోలేకపోయిన ఊర్లకు నువ్వు బండి పంపినవ్. ఆ మాట నేను డాక్టరమ్మకు గూడ చెప్పిన."

ఇలా ఒప్పుకునేవాళ్ళతో పోట్లాడటం కష్టం. శకుంతల మెల్లగా, "పోనీ నెలల రెండో సోమవారం అని పెడ్దమని గూడ చూసిన సార్. మూడో గడిల ఎనిమిది నుంచి పద్నాలుగు దాక తారీఖులు, ఐదో గడిల సోమవారం, రెండూ నింపిన" అంది.

సుందర్ రావు ఇటు తిరిగారు. కళ్ళలో నవ్వు కనబడింది. "నింపితే?"

"రెండూ కలిసిన నాడు కొట్టమంటే, ఏదొకటి కలిస్తె సాలనుకున్నది. ఆ వారమంత రోజూ చీటీలు కొట్టింది."

"నాకు గూడ గట్లనే కొట్టింది. కాగితం కట్ట ఒడిసింది. స్టోర్ల పనిచేసే ఏలియా నా మీద డాక్టరమ్మకు కంప్లైంట్ చేసిండు. అందుకే ప్రతి సోమవారం అని పెట్టి ఊకున్న."

ఇద్దరూ నవ్వుకున్నారు. ముందు సీట్లో రాయమల్లుకు విషయం తెలియకపోయినా వాళ్ళు నవ్వుతున్నందుకు అతనికీ కాస్త ఊపిరాడింది. అయితే శకుంతల నవ్వు తొందరగానే ఆరిపోయింది.

"మరి వారం మార్చొద్దని ఒక్క ముక్క నాకు చెప్తె అయిపోయేది కదా సార్. ఆ వరస కిందనే ఎందుకో రాసిపెట్టినా అయిపోయేది."

"ఏమని రాయాలె? రాస్తె ఎవరో ఒకరు చదువుతరు. చదివినంక ఇంక అది దాచిపెట్టినట్టు గాదు." ఆయన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "నోటితోని చెప్పాల్సింది. రిటైరైన నాడు దండలు, ఫోటోలు, ప్రార్థన. ఆ సంబురంల మర్చిపోయిన. అది నా తప్పు. నీది గాదు."

ఏది దాచిపెట్టారో అప్పటికీ ఆయన చెప్పలేదు. కొందరు పెద్దమనుషులు అంతే. తప్పు ఒప్పుకుంటారు గానీ సంగతి చెప్పరు.

చింతలగూడెం అంగడి, మంగళవారం మంగళవారం జరిగే సంత, దూరం నుంచే వినబడింది. ఊరి బయట గడ్డి మైదానం, దాని నిండా మనుషులు. ఒక పక్క మేకలు, ఒక పక్క కుండలు, మధ్యలో గాజులవాళ్ళు, చీరల గుడారాలు, ఎండుచేపల వాసన. బొరుగుల బస్తాల పక్కన సైకిల్ టైర్లు అమ్మేవాడు. సుందర్ రావు చెయ్యి చూపిస్తుంటే రాయమల్లు బండిని నడిపించుకుంటూ పోయి చీరల గుడారాలకూ మేకల బేరగాళ్ళకూ మధ్య ఉన్న ఇరుకులో పెట్టాడు. ఇంత జాగా ఉండగా ఈ ఇరుకులో ఎందుకని శకుంతల అనుకుంది.

వెనక తలుపు తీయగానే జనం మూగారు. గజ్జికి మలాం కావాలని ఒకరు, జ్వరం గోళీ అని ఒకరు, దగ్గు మందుకు ఖాళీ సీసా పట్టుకొచ్చిన ముసలావిడ ఒకరు. దవాఖాన బండి మూడు నెలలుగా అంగడికి రాలేదని నిష్టూరాలు. నిమిషంలో లైను మేకల దాకా పోయింది. సుందర్ రావు అలవాటైన చేతులతో మలాం డబ్బాలు తీసిచ్చారు. రాయమల్లు కాగితం పొట్లాలు అందిస్తున్నాడు.

"ఇగో శకుంతలా, జర ఇటు నిలబడు" అన్నారు ఆయన. "ఈ లైన్ల ఎవరు దేనికొచ్చిండ్రో చెప్పు."

శకుంతల చూసింది. తలపాగా మనిషి మలాం పట్టుకుని పోయాడు. వెనక పిల్లను చంకనేసుకున్న తల్లి. ఆ వెనక చేతికర్ర పట్టుకున్న ఒకాయన వచ్చి, ఏమీ అడక్కుండా నిలబడ్డాడు. సుందర్ రావు ఆయన చేతిలో కూడా మలాం డబ్బానే పెట్టారు. డబ్బా కింద ఒక పొట్లం ఉంది. ఆయన అక్కడే ఒక గోళీ నోట్లో వేసుకుని రాయమల్లు ఇచ్చిన నీళ్ళు తాగాడు. జ్వరం గోళీ మింగినవాడూ అలాగే తాగాడు. ఇద్దరూ మేకల వైపు పోయి జనంలో కలిసిపోయారు.

"చెప్పలేను సార్" అంది శకుంతల.

"ఊరోళ్ళు గూడ చెప్పలేరు."

అంతే. ఇంక వివరించాల్సిన అవసరం లేదు. శకుంతల కళ్ళముందు అదే మైదానం ఖాళీగా కనబడింది. ఆగస్టు పది బుధవారం. అంగడి ముందురోజే అయిపోయింది. ఊడ్చిన నేల, నడుమ ఒంటరిగా తెల్ల బండి. ఆ రోజు మలాం కోసం ఎవరూ రారు, అంగడి లేదు గనక. వచ్చేది ఒక్క రకం మనుషులే. వాళ్ళు ఊరంతా చూస్తుండగా ఆ మైదానం దాటి నడవాలి. బండి మీద ఏమీ రాసి లేకపోయినా ఊరికి అర్థమైపోతుంది.

ఐదో గడిలో నక్షత్రం పెట్టడానికి తనకు ఎంతసేపు పట్టింది? ఒక్క మీట. ఏ వారమైనా సరే అని అంత తేలిగ్గా ఎలా అనగలిగింది? మందు ఎప్పుడు మింగాలో తనకు తెలుసు, డీజిల్ ఎంత అవుతుందో తెలుసు. మింగేవాళ్ళు బండి దాకా నడిచి రావాలన్న సంగతే ఆమెకు తట్టలేదు. సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి. ఈ సిగ్గు మనలో చాలామందికి తెలిసిందే గనక దాని గురించి ఇంతకంటే రాయను.

"రేపే పాత వరస పెట్టేస్త సార్" అంది.

"పెట్టు. కాని, పెట్టంగనే అయిపోదు." సుందర్ రావు గాజుల దుకాణాల అవతలికి గడ్డంతో చూపించారు. "అగో, గుడాలమ్మే ఆమె. చిలుకమ్మ. ఆమె పొట్లం తీస్కపో. నేను పోతె మొఖం తిప్పుకుంటది. నేను రిటైరై ఎల్లిపోయిననని కోపం."

చిలుకమ్మ దగ్గరికి పోవడానికి శకుంతలకు తోసుకోవాల్సిన పని లేకపోయింది. అంత రద్దీలో ఆమె గంప చుట్టూ మాత్రం నలుగురు పడుకునేంత చోటు ఉంది. గంపలో ఉడికించిన శనగ గుడాలు, మీద ఉల్లిగడ్డ ముక్కలు, కరివేపాకు, పక్కన కడిగి ఆరబెట్టిన మోదుగాకులు. పొద్దెక్కినా గంప నిండుగానే ఉంది.

"గుడాలు ఎట్లిస్తానవ్ పెద్దమ్మా?"

చిలుకమ్మ తలెత్తింది. బక్కపలచటి మనిషి, పెద్ద బొట్టు. "దవాఖానోళ్ళకు గుడాలెందుకు సిస్టరమ్మా? బండి దిగుడు సూసిన."

సిస్టరమ్మను కానని చెప్పవచ్చు. శకుంతల చెప్పలేదు. కూర్చుని గొంతు తగ్గించి, "నీ మందు తెచ్చిన. రెండు నెలల సంది మింగలేదట" అంది.

"గట్టిగనే అను. ఇంక దాసుడేమున్నది? నా సుట్టు ఎంత జాగున్నదో సూడు. దసరా అంగళ్ళల్ల గీ జాగ కోసం కొట్లాడెటోళ్ళు."

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమైతది? మంగళారం రావల్సిన బండి బుధారం వచ్చింది. తారీఖు మార్సిండ్రట. ఎవలు మార్సిండ్రో, వాళ్ళకు ఏమొచ్చిందో. మందు తప్పనని డాక్టరమ్మకు మాటిచ్చిన గదా అని పోయిన. అంగడి జాగంత బోసిగున్నది. కల్లు దుకాణం కాడ మొగోళ్ళు కూసోని సూస్తాండ్లు. ఎనుకకు తిరిగిపోదామనుకున్న. మళ్ళ ఏళ్ళు గుర్తుకొచ్చినయ్." ఆమె తన చేతివేళ్ళు చూసుకుంది. "నడిసిన. మింగిన. మళ్ళ మంగళారం గంప దించితె ఒక్కలు రాలే. ఒక పొల్ల చెయ్యి సాపితే వాళ్ళవ్వ ఆ చెయ్యి మీద కొట్టి గుంజుకపోయింది. వారం వారం నా గుడాలు తిన్న మనిషే ఆమె."

"మందు మొదలువెట్టినంక అది ఎవలకు అంటుకోదు పెద్దమ్మా. గుడాలతోని అసలే అంటుకోదు."

"నాకు చెప్తానవా? నాకెరుకనే. వాళ్ళకు చెప్పు పో."

తారీఖు మార్చింది నేనే అని చెప్పడానికి శకుంతల నోరు తెరిచింది. చెప్పకుండానే చేతిలోని పొట్లం మడత సరిచేసుకుంది.

"నువ్వు నమ్ముతానవా?" అని అడిగింది చిలుకమ్మ.

"దేన్ని?"

"అంటుకోదని."

"నమ్ముతాన."

చిలుకమ్మ మోదుగాకు తీసుకుంది. గరిటె ముట్టలేదు. కుడిచేత్తో గంపలోంచి గుడాలు పిడికెడు తీసి ఆకులో పెట్టి ముందుకు చాపింది. "అయితె తిను. గీడనే. అందరు సూడంగ."

గాజులవాడు చూస్తున్నాడు. గాజులు వేయించుకుంటున్న ఆడవాళ్ళు చూస్తున్నారు. శకుంతల చదివింది, డాక్టరమ్మ చెప్పగా విన్నది, తన చేతులతో ఆ లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అయినా చెయ్యి ముందుకు పోలేదు. కొద్దిసేపే. పక్కన మేక అరిచి ఊరుకునేంత సేపు. కానీ చిలుకమ్మ ఆ కొద్దిసేపునే చూస్తోంది.

శకుంతల ఆకు అందుకుని తిన్నది.

"ఆగినవ్" అంది చిలుకమ్మ.

"ఆగిన. భయమైంది."

చిలుకమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "అబద్ధం చెప్పలే. గది మంచిగున్నది. ఉప్పు సరిపోయిందా?"

"జర ఎక్కువైంది."

"అయితది మరి. మూడు నెలల సంది రుచి చెప్పెటోళ్ళు లేరు." ఆమె మొదటిసారి నవ్వింది. పై పళ్ళు రెండు లేవు. ఇంకో పిడికెడు ఆకులో వేసింది. ఈసారి శకుంతల చెయ్యి ఆగలేదు. అటువైపు గాజుల దగ్గర ఒకామె తన పక్కనున్నామెతో ఏదో అంది. ఆ ఇద్దరూ దగ్గరికి రాలేదు గానీ ముఖం కూడా తిప్పుకోలేదు.

"నా మందు నాకియ్యి" అంది చిలుకమ్మ. పొట్లం విప్పి, ఎర్ర గోళీ నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్ళు తాగింది. మిగతాది కొంగున ముడివేసుకుంది. "నాకింక పోయేదేం లేదు. అంగడి ఎదుటనే మింగుత. బండి ఎన్నడొచ్చినా వస్త. కని ఇంకొకామె ఉన్నది బిడ్డా. ఆమె సంగతి ఆలోచిస్తెనే నాకు నిద్ర పట్టదు."

సిస్టరమ్మ పోయి బిడ్డ అయింది. శకుంతలకు అది గుడాల కంటే రుచిగా అనిపించింది. "ఎవరామె? ఈ ఊరేనా?"

"ఈ ఊరుకు సుట్టం. ఉండేది మీ వరంగల్లే. మీ దవాఖాన ఆమెకు నడిసిపోయేంత దూరం. అయినా ఆడికి పోదు. పొద్దుగాల రైలెక్కి కేసముద్రం కాడ దిగి, అంగడికచ్చినట్టు వచ్చి, లైన్ల నిలబడి మింగి పోయేది. నన్ను అక్కా అంటది. ఆ బుధారం నాడు గూడ వచ్చింది. బోరింగు కాడ నిలబడి సూసింది. నేను ఆ జాగల నడుసుడు, వాళ్ళు నన్ను సూసుడు, అంత సూసింది. నేను తిరిగొచ్చెవరకు ఏడుస్తాంది. నా తోని గాదక్కా అన్నది. మందు ముట్టకుంటనే ఎల్లిపాయె. మళ్ళ రాలే."

"దగ్గరుండి దవాఖానకు ఎందుకు పోదు? అక్కడ ఎవరూ ఏమనరు. నేను చూసుకుంట." శకుంతల మాటల్లో నిజమైన ఆత్రం ఉంది. ఇక్కడైనా తన తప్పు కొంత దిద్దుకోవచ్చనుకుంది. నోట్లో గుడాలు నములుతూనే, "ఏ వాడ? ఎక్కడుంటది?" అని అడిగింది.

"ఎనుమాముల."

శకుంతల నమలడం నెమ్మదించింది.

"దవాఖానకు ఎందుకు పోదంటె, ఆడ ఆమె బిడ్డ నౌకరి చేస్తదట. పెద్ద సదువు సదివిందట. సల్లటి గదిల మిషిన్ కాడ కూసుంటదట. మీకెరుకనే ఉంటది. నా బిడ్డకు తెలిస్తె అది తల ఎత్తుకోని ఆ గదిలకు పోలేదు అక్కా, నా ఏళ్ళు పోయినా మంచిదే అన్నది. ఎవలకు చెప్పనని నా తోని ఒట్టేయించుకున్నది." చిలుకమ్మ ముందుకు వంగి శకుంతల ముంజేయి పట్టుకుంది. "పోయినపారి సూసినప్పుడే సూపుడేలు మొద్దువారింది అన్నది. ఉడుకు తెలుస్తలేదు అన్నది. నువ్వు గుడాలు తిన్నవ్ గన్క ఒట్టు తప్పుతాన. ఆమె మందు నువ్వు తీస్కపోయి ఇస్తవా? ఎవలకు తెల్వకుంట. ఆ బిడ్డకు అసలే తెల్వకుంట."

చీరల గుడారం అవతల రాయమల్లు హారన్ కొట్టాడు. బండి కదిలే వేళైంది. శకుంతల నోట్లో గుడాలు అలాగే ఉన్నాయి. మింగడం ఎలాగో ఆమె మరిచిపోయింది.

చిలుకమ్మ ఆమె ముంజేయి వదల్లేదు.

"ఇంతకు నీ పేరేంది బిడ్డా? పలానా ఆమె తెస్తదని కబురు పంపుత. పేరు చెప్తె ఆమెకు నమ్మకముంటది."